వరంగల్ చలికి ఏ దారం, ఏ సూది? అల్లే ముందు తేల్చుకోవలసినవి

వరంగల్‌లో చలికాలం నాలుగు నెలల లోపే. దీపావళి దాటాక మొదలవుతుంది, సంక్రాంతి దాకా ముదురుతుంది, శివరాత్రికి శివశివా అంటూ వెళ్లిపోతుంది. ఆ రోజుల్లో కూడా పొద్దున తొమ్మిదిన్నర దాటితే ఒంటి మీద స్వెట్టర్ బరువనిపిస్తుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు లెక్క వేరు. అక్కడ రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. అల్లిక నేర్పే వీడియోలు చాలావరకు పంజాబ్, హిమాచల్ చలినో విదేశాల చలినో చూసి చేసినవి. వాటిలో చెప్పిన దారం, చెప్పిన మందం ఉన్నదున్నట్టు తీసుకుంటే రెండు నెలల కష్టం బీరువాలో మడతల్లోనే ఉండిపోతుంది. మన దగ్గర ఎంచుకునే వరుస ఇలా ఉండాలి: ఎవరికి, ఏ వేళ తొడుక్కోవడానికి అన్నది ముందు. దాన్నిబట్టి దారం, దారాన్నిబట్టి సూది. డిజైన్ ఆఖర్న.

చేతిలో ఉన్నది ఏ దారమో ముందు తెలియాలి

వరంగల్ చౌరస్తాలోనైనా హనుమకొండలోనైనా దుకాణంలో ఊలు అడిగితే చేతికొచ్చేది చాలావరకు యాక్రిలిక్ అనే కృత్రిమ దారం. వర్ధమాన్, ఓస్వాల్ లాంటి లూధియానా కంపెనీల ఉండలకు లేబుల్ ఉంటుంది, అందులో ఏ పీచు ఎంత శాతమో చదువుకోవచ్చు. చిక్కంతా లేబుల్ లేకుండా తూకానికి అమ్మే లచ్చలతోనే. వాటిని కాల్చి చూడడం ఒక్కటే దారి.

ఫ్యాను ఆపి, పక్కన చెంబెడు నీళ్లు పెట్టుకోండి. బెత్తెడు దారం తెంపి, చేత్తో కాకుండా చిన్న పట్టకారుతో పట్టుకొని, స్టీలు పళ్లెం మీద దీపానికి కొస తగిలించండి. యాక్రిలిక్ అయితే మంట తగలకముందే ముడుచుకుపోతుంది, కరుగుతూ మండుతుంది, చల్లారాక నలిపినా నలగని నల్లటి గట్టి ఉండ మిగులుతుంది. వేడి మీద దాన్ని ముట్టుకుంటే చర్మానికి అతుక్కుంటుంది, జాగ్రత్త. అసలు ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, మంట పక్కకు తీయగానే తనంతట తానే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య పొడిపొడిగా రాలుతుంది. పత్తి అయితే కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. వెంట్రుకల వాసన వస్తూనే కొసన గట్టి ఉండ కూడా మిగిలిందంటే ఉన్నిలో యాక్రిలికో నైలానో కలిసిందన్నమాట.

యాక్రిలిక్

చవక, తేలిక, రంగులకు లోటు లేదు, పురుగు కొట్టదు, వాషింగ్ మెషిన్‌లో వేసినా తట్టుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు విప్పి మళ్లీ అల్లినా దారం పాడవదు. మొదటి మఫ్లర్‌కి, బడికెళ్లే పిల్లల స్వెట్టర్‌కి ఇదే మంచిది.

లోపాలు మూడు. మొదటిది, చెమట పీల్చదు. ఒకే గాలిలో ఉంచితే పత్తి తన బరువులో 8 శాతం దాకా, ఉన్ని 16 శాతం దాకా తేమ పట్టుకుంటాయి, యాక్రిలిక్ 1–2 శాతం దగ్గరే ఆగుతుంది. అందుకే ఎండెక్కగానే వీపు మీద అంటుకుపోయినట్టు ఉంటుంది. రెండోది, ఇస్త్రీ వేడి. ఆవిరి ఇస్త్రీ గట్టిగా తగిలితే అల్లిక సాగి, బిగువు పోయి, వేలాడుతుంది. అది మళ్లీ కుదురుకోదు. మూడోది అందరూ మరిచిపోయేది: చలిమంట. నిప్పురవ్వ పడితే యాక్రిలిక్ కరుగుతుంది, కరిగిన చోట ఒంటికి అంటుకుంటుంది. రాత్రిళ్లు యాసంగి పొలానికి నీళ్లు పెట్టడానికి పోయి మంట దగ్గర కూర్చునేవాళ్లకు, కట్టెల పొయ్యి ముందు పనిచేసేవాళ్లకు, మేడారం జాతరలో ఆరుబయట వండుకుని పడుకునేవాళ్లకు యాక్రిలిక్ శాలువా, మంకీ క్యాప్ అల్లి ఇవ్వకండి. అక్కడ ఉన్నే సరైనది. ఖరీదు ఎక్కువైనా ఈ ఒక్క చోట వెనకాడవద్దు.

పత్తి

ఏనుమాముల మార్కెట్‌కి పత్తి బస్తాలు వరుసకట్టే ఊళ్లో పత్తి దారంతో అల్లేవాళ్లు తక్కువగా ఉండడం బాధగానే ఉంటుంది. మన వాతావరణానికి ఏడాదిలో తొమ్మిది నెలలు పనికొచ్చే దారం ఇదే. పసిపిల్లల టోపీలు, చేతులు లేని పైబట్టలు, ఏసీ గదిలో పనిచేసేవాళ్లకు పల్చటి ముందు తెరుపు స్వెట్టర్లు, చేతిసంచులు, గిన్నెలు పట్టుకునే గుడ్డలు అన్నింటికీ పనికొస్తుంది.

కానీ యాక్రిలిక్ అల్లినట్టే పత్తిని అల్లితే దెబ్బతింటారు. పత్తికి సాగి వెనక్కి వచ్చే గుణం లేదు. నడుము దగ్గర, మణికట్టు దగ్గర రెండు సీదా (ముందువైపు మామూలు కుట్టు) రెండు ఉల్టా (దాని తిరగేసిన కుట్టు) వేసి అల్లే బార్డర్ పది రోజుల్లో గంటలాగా విచ్చుకుంటుంది. దీనికి మూడు మార్గాలున్నాయి. బార్డర్‌కి అసలు సూది కంటే రెండు సైజులు సన్నది వాడడం ఒకటి. ఒంటికి 4 మి.మీ. అయితే బార్డర్‌కి 3.25 అన్నమాట. సీదా కుట్టును ముందు నుంచి కాకుండా వెనక పోగులోంచి తీసి మెలిపెట్టడం రెండోది, కుట్టు బిగుస్తుంది. మూడోది, అసలు అలాంటి బార్డరే పెట్టకుండా అన్ని వరుసలూ సీదాగా అల్లిన చదును అంచు పెట్టుకోవడం. పత్తికి ఈ మూడోదే అందంగా ఉంటుంది, శ్రమా తక్కువ.

బరువు ఇంకో సంగతి. పెద్దవాళ్ల చేతులు లేని స్వెట్టర్‌కి మధ్యస్థం దారం (మరీ సన్నమూ మరీ లావూ కానిది) దాదాపు 1100 మీటర్లు పడుతుందనుకుందాం. యాక్రిలిక్ 100 గ్రాములకు 290 మీటర్ల చొప్పున వస్తే 380 గ్రాములు చాలు. అదే మందం పత్తి 100 గ్రాములకు 210 మీటర్ల దగ్గరే ఉంటుంది, అంటే 520 గ్రాములు. ఆ బరువుకు స్వెట్టర్ తొడుక్కున్న పూటే కిందికి సాగుతుంది. కాబట్టి పత్తిలో పెద్దవాళ్ల బట్ట అల్లేటప్పుడు రెండు మాటలు గుర్తుంచుకోండి: దారం గ్రాముల్లో కాకుండా మీటర్లలో లెక్కగట్టండి, పొడవు కావలసిన దానికన్నా 3–4 సెం.మీ. తగ్గించి ఆపండి. భుజాల కుట్టు లోపల సన్నటి నాడా కలిపి కుడితే భుజాలు జారవు.

మెర్సరైజ్ చేసిన పత్తి, మామూలు పత్తి వేరువేరు. మెర్సరైజ్ చేసినది కాస్టిక్ సోడాలో, లాగి పట్టి శుద్ధి చేసినది. మెరుపు, బలం, రంగు నిలకడ ఎక్కువ. సంచులకు, పైబట్టలకు బాగుంటుంది. గిన్నెల గుడ్డకు, ముఖం తుడుచుకునే గుడ్డకు మామూలు పత్తే మేలు, నీళ్లు త్వరగా పీలుస్తుంది.

కొత్తవాడ నేతవాళ్ల దగ్గర దరీలకో, ఇంకో చేనేతకో వాడగా మిగిలిన దారం దొరికితే దానితోనూ అల్లుకోవచ్చు. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి తెలిసిందే. కానీ నేత దారం కౌంటు (దారం ఎంత సన్నమో చెప్పే అంకె) లెక్కలో ఉంటుంది, అల్లిక దారం లెక్కలో ఉండదు. ఉదాహరణకు 2/20 కౌంటు అంటే రెండు పోగులు మెలేసినది, 100 గ్రాములకు దాదాపు 1690 మీటర్లు. ఒంటిపోగుగా అల్లడానికి చాలా సన్నం. అలాంటి దారాలు ఆరు కలిపి పట్టుకుంటే 100 గ్రాములకు 280 మీటర్ల దారం అవుతుంది, 3.5 మి.మీ. సూదికి కుదురుతుంది. నాలుగు దారాలైతే 420 మీటర్లు, పసిపిల్లల బట్టలకు సరిపోతుంది. కలిపే ముందు లచ్చలను గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి గంజి వదిలించండి. తడి లచ్చను తెల్లగుడ్డలో చుట్టి గట్టిగా పిండండి. గుడ్డకు రంగు అంటితే ఆ దారాన్ని తెలుపుతో కలిపి అల్లవద్దు. పోగులన్నీ ఒకే బిగువుతో ఒకే ఉండగా చుట్టుకోవాలి. ఒక పోగు వదులైతే అల్లికలో అదే ఉచ్చులా పైకి లేస్తుంది, నగలకు తగులుకుంటుంది.

ఉన్ని, మిశ్రమాలు

అసలు ఉన్ని చెమ్మగిల్లినా వెచ్చదనం పోదు, సాగి మళ్లీ తన చోటికి వస్తుంది, కుట్టు హెచ్చుతగ్గులను ఒక ఉతుకుతో సర్దుకుంటుంది. ఆదిలాబాద్ వైపు వాళ్లకు, తెల్లవారుజామున బండి మీద పోయేవాళ్లకు, పెద్దవయసు వాళ్ల మోకాళ్ల తొడుగులకు దీన్ని మించింది లేదు. మెడకు గుచ్చుకునేది మోటు ఉన్ని. మెరీనో జాతి గొర్రెల పీచు సన్నం కాబట్టి అంత గుచ్చదు. కొనేముందు దారాన్ని అరచేతితో కాకుండా మెడ పక్కన, మోచేతి లోపలి వైపు రుద్ది చూడండి.

వేడినీళ్లు, సబ్బు, రుద్దుడు ఈ మూడూ కలిస్తే ఉన్ని గడ్డకట్టి కుంచించుకుపోతుంది. ఎల్ సైజు స్వెట్టర్ పదేళ్ల పిల్లవాడికి సరిపోయేలా తయారవుతుంది, తిరిగి సాగదు. ఇంట్లో ఉతికే పని ఇంకొకరిదైతే ఉన్ని వద్దు, లేదా సూపర్‌వాష్ (కుంచించుకుపోకుండా శుద్ధి చేసినది) అని రాసినది తీసుకోండి.

రోజూ వాడే బట్టకు, కొత్తగా పత్తికి అలవాటు పడాలనుకునేవాళ్లకు మా ఓటు పత్తి, యాక్రిలిక్ సగంసగం కలిసిన దారానికి. బరువు తగ్గుతుంది, బార్డర్ కొంత నిలబడుతుంది, చెమటా కొంత పీలుస్తుంది. చలిమంట మాట మాత్రం దీనికీ వర్తిస్తుంది.

సూదులు: ముందు నంబరు సంగతి

మన దుకాణాల్లో దొరికే పోనీ లాంటి సూదుల మీద పాత బ్రిటిష్ నంబరు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 12 నంబరు 2.75 మి.మీ., 11 నంబరు 3, 10 నంబరు 3.25, 9 నంబరు 3.75, 8 నంబరు 4, 7 నంబరు 4.5, 6 నంబరు 5 మి.మీ. అమెరికా నంబర్లు దీనికి తలకిందులు: అక్కడ 6 అంటే 4 మి.మీ., 8 అంటే 5 మి.మీ., 10 అంటే 6 మి.మీ. వీడియోలో 8 నంబరు అన్నారని మన 8 నంబరు తీసుకుంటే ఒక మి.మీ. తేడా వస్తుంది, బట్ట బిగుతుగా, అట్టలా తయారవుతుంది. ఎప్పుడూ మి.మీ. అడగండి. నంబరు అరిగిపోయిన పాత సూదులుంటే రంధ్రాల గేజి పలక ఒకటి కొనుక్కోండి, ఎన్నేళ్లయినా పనికొస్తుంది.

ఇక ఏ రకం సూది? గరుకు దారానికి జారే సూది, జారే దారానికి పట్టు ఉన్న సూది. ఈ ఒక్క సూత్రంతో చాలావరకు తేలిపోతుంది. యాక్రిలిక్, ఉన్ని అల్యూమినియం మీద హాయిగా కదులుతాయి. మెర్సరైజ్ చేసిన పత్తి అదే సూది మీద జారి కుట్లు ఊడిపోతాయి, దానికి వెదురు సూది. వెదురుకు వానాకాలంలో చిక్కుంది. గాలిలో తేమకు ఒళ్లు గరుకెక్కి కుట్లు కదలవు. కొవ్వొత్తి రాసి, మెత్తటి గుడ్డతో తుడిస్తే మళ్లీ దారికొస్తుంది. చీలిక లేచిన చోట సన్నటి గరుకు కాగితంతో రుద్దాలి, లేకపోతే పోగులు లాగేస్తుంది. అల్యూమినియం సూది పైపూత అరిగితే తెల్లటి దారానికి బూడిదరంగు మరకలు అంటిస్తుంది. తెలుపు, లేతరంగులు అల్లేటప్పుడు పాత సూదులు పక్కన పెట్టండి. మొన బాగా వాడిగా ఉన్న స్టీలు సూది పత్తి పోగులను చీలుస్తుంది, కలిపి పట్టిన పోగులను మరీను.

నిడివి సూదులా, వైరు సూదులా (రెండు మొనలను సన్నటి వైరుతో కలిపినవి) అంటే, ఒకే జత కొనగలిగేవాళ్లు 80 సెం.మీ. వైరు సూది తీసుకోండి. దానితో ఇటూ అటూ తిప్పి చదునుగానూ అల్లవచ్చు, గుండ్రంగానూ అల్లవచ్చు. పెద్ద స్వెట్టర్ బరువంతా ఒళ్లో ఉంటుంది, మణికట్టు మీద పడదు. కాజీపేట నుంచి రైల్లో కూర్చుని అల్లుకునేటప్పుడు 35 సెం.మీ. నిడివి సూది పక్కవాళ్ల మోచేతికి తగులుతుంది, చేయి జారితే సీటు కిందికి పోతుంది. వైరు సూదికి ఈ గొడవ లేదు. కొన్న కొత్తలో వైరు చుట్టలు చుట్టుకుపోతుంటే వేడినీళ్లలో ఒక నిమిషం ముంచి, తిన్నగా లాగి పట్టుకుంటే సాపవుతుంది. టోపీలు ఎక్కువగా అల్లేవాళ్లకు 40 సెం.మీ.ది ఇంకోటి ఉంటే సుఖం. జైపూర్‌లో తయారయ్యే నిట్‌ప్రో సూదులకు మొన వేరు, వైరు వేరు, మరతో బిగించేవి. ధర ఎక్కువే. ఏడాదికి మూడు నాలుగు స్వెట్టర్లు అల్లేవాళ్లకు గిట్టుబాటవుతుంది. మర గట్టిగా బిగించకపోతే అల్లుతుండగానే వదులై, ఆ సందులో కుట్టు ఇరుక్కుంటుంది. పెట్టెలో ఇచ్చే చిన్న తాళంచెవితో బిగించి మరీ మొదలుపెట్టాలి.

నమూనా ముక్క

ఇది మానేసేవాళ్లే ఎక్కువ, నష్టపోయేదీ ఇక్కడే. ఎంచుకున్న దారం, ఎంచుకున్న సూదితో 30 కుట్లు ఎక్కించి 40 వరుసలు అల్లండి. ఉతికి, ఆరాక, మధ్యలో 10 సెం.మీ.కు ఎన్ని కుట్లో లెక్కపెట్టండి. మధ్యస్థం దారానికి 4 మి.మీ. సూదితో 22 కుట్లు రావాలి. ఛాతీ 100 సెం.మీ. అయితే 220 కుట్లు ఎక్కిస్తారు. మీ చేయి వదులై 20 కుట్లే వస్తుంటే అదే 220 కుట్లకు 110 సెం.మీ. బట్ట తయారవుతుంది. రెండు కుట్ల తేడా చిన్నదనిపిస్తుంది, స్వెట్టర్‌లో అది ఒక సైజు పైనే. కుట్లు తక్కువొస్తే సూది సన్నది తీసుకోండి, ఎక్కువొస్తే లావుది. చేతి బిగువు మార్చాలని చూడకండి, పది వరుసలు దాటగానే పాత అలవాటే వస్తుంది. పత్తి ముక్కకైతే ఇంకో పరీక్ష ఉంది: కింది అంచుకు నాలుగు బట్టల క్లిప్పులు తగిలించి రాత్రంతా దండేనికి వేలాడదీయండి. పొద్దున ఎంత సాగిందో చూస్తే స్వెట్టర్ ఎంత సాగుతుందో తెలుస్తుంది.

ఎవరికి ఏది

తొట్టెల వేడుకకు పసిపాపకు ఇవ్వాలంటే టోపీ కంటే ముందు తెరుపు చొక్కా మంచిది. తల మీంచి తొడిగే చొక్కా అయితే పాపకూ కష్టమే, తల్లికీ కష్టమే. టోపీయే కావాలంటే మూడు నెలల పాపకు 22 కుట్ల బిగువులో 80 కుట్లు, అంచు 5 సెం.మీ., మొత్తం ఎత్తు 15 సెం.మీ. దగ్గర సరిపోతుంది. యాక్రిలిక్ 30–40 గ్రాములు పడుతుంది. నూగు ఎక్కువ లేచే దారం, మెడకు కట్టే తాళ్లు, వేళ్లు ఇరుక్కునే జాలీ డిజైన్లు పసిపిల్లలకు వద్దు. గుండీని గట్టిగా లాగి చూసి మరీ ఇవ్వండి. ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు టోపీ తీసేయమని కూడా చెప్పండి, మన గదుల్లో పసిపాపకు ఉక్క త్వరగా పడుతుంది.

మగవాళ్ల పొడుగు చేతుల స్వెట్టర్‌కి మధ్యస్థం యాక్రిలిక్ 500–600 గ్రాములు. వరంగల్ వరకైతే పొడుగు చేతులు అక్కర్లేదు. చేతులు లేనిది, ముందు తెరుపు, 4 మి.మీ. కన్నా లావు సూది వాడనిది పెట్టుకుంటే ఆఫీసులోనూ విప్పకుండా ఉంటారు. కాలం కూడా లెక్కేసుకోండి. పొడుగు చేతుల స్వెట్టర్ అంటే సుమారు 50 వేల కుట్లు. నిమిషానికి 20 కుట్లు వేసేవాళ్లకు 40 గంటలు దాటుతుంది. రోజుకు గంట చొప్పున సద్దుల బతుకమ్మ మర్నాడు మొదలుపెడితే చలి ముదిరేలోపు చేతికొస్తుంది. కార్తీక మాసం చివర్లో మొదలుపెట్టేవాళ్లు మఫ్లరో టోపీయో ఎంచుకోవడం మేలు. మఫ్లర్‌కి 150–200 గ్రాములు చాలు. ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా అల్లితే అంచులు చుట్టుకుపోతాయి కాబట్టి అన్ని వరుసలూ సీదాగానే అల్లండి.

గుమ్మానికి తోరణం, టేబుల్ గుడ్డ, బొమ్మలు, సంచి లాంటివైతే రెండు సూదుల అల్లిక కాకుండా క్రోషా (ఒకే కొక్కెం సూదితో చేసే అల్లిక) ఎంచుకోండి. ఆకారం నిలబడుతుంది. దారం మాత్రం ఎక్కువ తాగుతుంది, పావు వంతు అదనంగా కొనాలి.

కొనేటప్పుడు, ఉతికేటప్పుడు

లేబుల్ మీద రంగుతో పాటు లాట్ నంబరు ఉంటుంది. దారమంతా ఒకే లాట్‌లో, ఒక ఉండ అదనంగా, ఒకేసారి కొనండి. మళ్లీ వెళ్తే అదే రంగు పేరుతో వేరే లాట్ ఇస్తారు. దుకాణం ట్యూబులైటు కింద తేడా కనపడదు, ఎండలోకి రాగానే చారలా కనిపిస్తుంది. తప్పనిసరై రెండు లాట్‌లు కలపాల్సి వస్తే రెండు వరుసలు ఒకదానితో, రెండు వరుసలు ఇంకోదానితో మారుస్తూ పోతే తేడా కలిసిపోతుంది.

ఉన్నిని కుంకుడు రసంలో చల్లటి నీళ్లతో ఉతకడం మంచి పద్ధతి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట బట్టల సబ్బు తెట్టు కట్టి దారానికి పట్టుకుంటుంది, కుంకుడుకో షాంపూకో ఆ బాధ లేదు. పిండకుండా తువ్వాలులో చుట్టి అదమాలి. దండెం మీద వేస్తే నీళ్ల బరువుకు పొడవు సాగుతుంది. నవారు మంచం మీద పాత గుడ్డ పరిచి, స్వెట్టర్‌ని కొలతకు సర్ది, నీడలో ఆరబెడితే కింది నుంచి కూడా గాలి తగిలి త్వరగా ఆరుతుంది. పత్తికీ ఇంతే.

ఎండాకాలం దాచిపెట్టేటప్పుడు ఉన్నిని తప్పక ఉతికే పెట్టాలి. పురుగు ముందు పట్టేది చెమట, నూనె మరకలున్న చోటే. బాగా ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి మధ్యలో పెట్టండి, రెండు నెలలకోసారి తీసి దులపండి. నాఫ్తలిన్ గోళీలు పెద్దవాళ్ల బట్టల్లో పెట్టినా పసిపిల్లల బట్టల్లో మాత్రం వద్దు. వాటి ఆవిరి కొందరు పసివాళ్లలో ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది, కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది.